కింది తోటలో నిప్పు

రస్ అల్ ఖైమా, కొండల కింది తోట
11 డిసెంబర్ 2022

బావకు మల్లేశ్ నమస్కారాలు.

నువ్వు బాగానే ఉన్నావని వాసు చెప్పాడు, కాబట్టి ఆ మాట అడగను. నేనూ బాగున్నాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఈ కొండల మధ్య ఫోన్ అందదు. నీళ్ల ట్యాంకు ఎక్కితే రెండు గీతలు వస్తాయి. శుక్రవారం ఎక్కి రేణుకతో నాలుగు మాటలు మాట్లాడి దిగుతాను. ట్యాంకు పక్కనే తోట మేనేజరు, ముదీర్ మురళీ గది. నేను పెళ్లాంతో గుసగుసలాడినా ఆయనకు వినిపిస్తుంది. వాసు పికప్ వారం వారం పశువుల మేత వేసుకుని మీ రువైస్ వైపు వస్తుంది కదా, అతని చేతికే ఇస్తున్నాను.

తోటలో మూడు వందల ఖర్జూరం చెట్లు. పై తోటకు మాత్రమే నీళ్లు. కింది తోటలో నూట పది చెట్లున్నాయి గానీ, అటువైపు బావి ఉప్పుబారి నాలుగేళ్లయిందట. చెట్లు చావలేదు, బతికీ లేవు. నాలుగేళ్ల ఎండు మట్టలు ఒంటి నిండా వేలాడుతున్నాయి. గాలి వీస్తే కాగితాలు నలిపినట్టు చప్పుడు. రెండేళ్లుగా సరైన వాన లేదు.

నాతో ఉండే మనిషి పేరు అబ్దుల్ రహీం. బంగ్లాదేశ్ ఆయన, అరవై దాటింది. ఇరవై రెండేళ్లుగా ఇదే తోట. ఆయన సొంత ఊరు నది కోతకు పోయిందట, ఇల్లూ పొలమూ ఏమీ లేవట. మొదటి రోజే నా జేబులు వెతికి లైటర్ తీసుకుని, ఒక డబ్బాలో వేసి గేటు బయట వేలాడదీశాడు. సిగరెట్ కావాలంటే రోడ్డు మీదికి పోయి తాగాలి. ఎండు మట్టలను ఒక్కొక్కటిగా ఈడ్చుకుంటూ గోడ బయట వాగులోకి తీసుకుపోతాడు. అక్కడ అంతా గులకరాళ్లే. చలికాలంలో గాలి లేని పొద్దుట, చుట్టూ తడిపి, ఒక మోపు అంటిస్తాడు. బూడిదలో చెయ్యి పెట్టి చూసుకున్నాకే ఇంకో మోపు. రోజుకు ఒక్క చెట్టు మట్టలు కూడా తెమలవు. ముసలాయనకు కొంచెం పిచ్చి ఉందనుకుంటున్నాను.

పోయిన ఏడాది పక్క తోట తగలబడింది మాత్రం నిజమే. ట్రాక్టర్ పొగగొట్టంలోంచి రవ్వ పడిందట. అరగంటలో రెండు వందల చెట్లు పోయాయి. నల్లని మొండాలు ఇప్పటికీ గోడ మీంచి కనిపిస్తాయి.

అక్కను అడిగానని చెప్పు.

మల్లేశ్


రువైస్
3 జనవరి 2023

బామ్మర్ది మల్లేశ్‌కు,

నీ ఉత్తరం నలుగురికి చదివి వినిపించాను. టెన్త్‌లో తెలుగు తప్పినవాడు ఇంత రాశాడంటే నమ్మలేదు.

ముసలాయనకు పిచ్చి లేదు. నీకే బుద్ధి లేదు. నా పని ఏమిటో నీకు తెలుసు. ఇంకొకడు వెల్డింగ్ చేస్తుంటే పక్కన సిలిండర్, తడి దుప్పటి పెట్టుకుని పన్నెండు గంటలు చూస్తూ కూర్చోవడం. మీ అక్క దీన్ని కూసుండే కొలువు అంటుంది. వెల్డింగ్ ఆగిపోయి అందరూ టీకి వెళ్లిన తర్వాత కూడా నేను అరగంట అక్కడే ఉండాలి. నిప్పు పుట్టేది పని జరిగేటప్పుడు కాదు, మనం వెనక్కి తిరిగాక. ఈ సంగతి మాకు పుస్తకాలు పెట్టి నేర్పారు. ఆయన సొంతంగా నేర్చుకున్నాడు. ఆయన దగ్గర నేర్చుకో.

ఇంకో మాట. మురళీ, నేను సజ్జా క్యాంపులో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. గోదావరి జిల్లా మనిషి, మాట తీపి, లోపల లెక్క వేరే ఉంటుంది. నా మాట మీదే నిన్ను పెట్టుకున్నాడు. జూన్‌లో నీ వీసా కొత్తది చేయాలి, అది ఆయన రాసే నాలుగు ముక్కల మీద ఉంది. నా పరువు తీయకు.

పర్శరాములు


కొండల కింది తోట
24 ఏప్రిల్ 2023

బావా,

మూడు నెలలుగా రాయనందుకు తిట్టకు. ఈ ఏడు చలికాలం చలికాలంలా లేదు. ఒక్క చినుకు పడలేదు. మార్చి నుంచే కొండ రాళ్లు కాలడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నం గేటు గొళ్లెం పట్టుకుంటే చెయ్యి బొబ్బ లేస్తుంది. రహీం చాచా రోజుకు రెండుసార్లు గోడ చుట్టూ తిరుగుతాడు. రోడ్డున పోయేవాడెవడైనా సిగరెట్ ముక్క లోపలికి విసిరాడేమోనని చూస్తాడు. నాకూ అదే అలవాటయింది. నిద్రలో కూడా పొగ వాసన వస్తుందేమోనని ముక్కు ఎగబీలుస్తున్నాను.

ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. కింది తోటను మా యజమాని కఫీల్ ఎవరికో కౌలుకు ఇస్తాడట. మే నెల మధ్యలో వాళ్లు చూడటానికి వస్తారు. నేల శుభ్రంగా కనబడాలని మురళీ రెండు వారాలు గడువు పెట్టాడు. నేల మీద నాలుగేళ్ల చెత్త ఉంది, మోకాలి దాకా దిగబడుతుంది. చాచా ఒప్పుకోవడం లేదు. ఎండాకాలం కింది తోటను ముట్టుకోకూడదు, నవంబర్ దాకా ఆగాలి అంటాడు. మురళీ ఆయనతో వాదించడం మానేసి నన్ను పక్కకు పిలిచాడు. నీ వీసా కాగితం నా బల్ల మీదే ఉందయ్యా, కింది తోట పని చూసి సంతకం పెడతాను అన్నాడు.

ఇద్దరం కలిసి మోసినా మూడు నెలల పని. రేణుకకు ఆరో నెల. నువ్వొకసారి మురళీతో మాట్లాడతావా?

మల్లేశ్


రువైస్
2 మే 2023

మల్లేశ్‌కు,

మాట్లాడను. ఇలాంటి చిన్న చిన్న వాటికి మాట ఖర్చు చేసుకుంటే రేపు పెద్దదానికి మిగలదు.

ముసలాయన దగ్గర పని నేర్చుకోమన్నాను గానీ, ఆయన కొంగు పట్టుకు తిరగమనలేదు. ఆయనకు ఇంక ఎన్నాళ్లుంది? ఆయన చెప్పినట్టు నవంబర్ దాకా కూర్చుంటే ఇద్దరూ ఒకే విమానం ఎక్కుతారు. మురళీ చెప్పింది చెయ్యి. ఎలాగైనా నేల శుభ్రం చెయ్యి. ఇప్పపూల కాలంలో మనమిద్దరం ఒక్క పొద్దుటికి గుట్ట కింద చెట్లన్నిటి నేలా అద్దంలా చేసేవాళ్లం కాదా? అప్పుడు నీకు పన్నెండేళ్లు. ఇప్పుడు ముప్పై వచ్చి మోకాలి లోతు ఆకుకు ఏడుస్తున్నావు.

రేణుకను మీ అక్క ఆసుపత్రికి తీసుకుపోయింది. అంతా బాగుందన్నారు. నువ్వు వీసా సంగతి చూసుకో.

పర్శరాములు


కొండల కింది తోట
17 మే 2023

బావా,

పోయిన శనివారం కింది తోట కాలిపోయింది.

మనుషులకు ఏమీ కాలేదు. ముందు అది రాస్తున్నాను. చాచా అరచేతులు కాలాయి, గడ్డం సగం పోయింది. నాకు ఏమీ కాలేదు.

పొద్దున ఏడున్నర అయి ఉంటుంది. నేను పైన మోటారు గది దగ్గర ఉన్నాను. అరుపు వినిపించి తిరిగి చూసేసరికి చివర మేకల దొడ్డి దగ్గర పొగ. నేను పరుగెత్తి పోయేలోపే మంట నేల మీద లేదు, చెట్ల నెత్తి మీద ఉంది. ఒక చెట్టు అంటుకుంటే ఆ మట్ట ఊడి, మండుతూ ఎగిరి, నాలుగు చెట్ల అవతల పడేది. చాచా బకెట్‌తో ఎదురు వెళ్లాడు. ఆయనను వెనక్కి లాగడమే నేను చేసిన పని. నూట పదిలో ఒక్కటీ మిగలలేదు. దొడ్డిలో ఆరు మేకలు. గేటు తీసేవాళ్లు లేకపోయారు.

ఫైర్ బండ్లు వచ్చేసరికి నలభై నిమిషాలయింది. గోడ ఉండబట్టి పై తోట దక్కింది. ఆఫీసర్ మోటారు గదిలో కాలిన వైరు చూసి ఫోటో తీసుకున్నాడు. ఎండకు వైరు కరిగి రవ్వ పడి ఉంటుంది, ఈ ఏడాది ఇలాంటివి చాలా జరుగుతున్నాయి అన్నాడట. రిపోర్ట్ ఇంకా రాయలేదు. మురళీ కూడా వైరేనని చెబుతున్నాడు.

అక్కకు, రేణుకకు ఏమీ చెప్పకు.

మల్లేశ్


రువైస్
23 మే 2023

మల్లేశ్‌కు,

నీ ఉత్తరం ఇద్దరు చదివినట్టు చదివాను. ఒకసారి బావగా, ఒకసారి ఫైర్ వాచ్‌గా.

మోటారు గది పై తోటలో ఉంది. వైరు రవ్వతో అంటుకుంటే ముందు కాలాల్సింది పై తోట. నువ్వేమో మేకల దొడ్డి దగ్గర మొదలైందని రాశావు. అది తోటకు ఆ చివర. అక్కడ కరెంటు తీగ ఉందని నువ్వు ఇంతవరకు ఎప్పుడూ రాయలేదు. ఎండకు వైరు కరిగిందట, పొద్దున ఏడున్నరకు. ఆ ఆఫీసర్‌కు ఎందుకు తట్టలేదో గాని, నాకు తట్టింది.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు. నువ్వూ ఏమీ చెప్పకు. నేను ఇప్పపూల సంగతి రాసింది నిన్ను ఎగదోయడానికి, పని నేర్పడానికి కాదు. ఆ మాటను నా మెడకు చుట్టకు.

ఎవరడిగినా మోటారు గది దగ్గర ఉన్నానని చెప్పు. ఫోన్‌లో ఈ మాట ఎత్తనే ఎత్తకు, అక్కతో కూడా. ఈ కాగితం చదివి చించెయ్యి. మిగతా సంగతి నాకు వదిలెయ్యి.

పర్శరాములు


కొండల కింది తోట
31 మే 2023

బావా,

నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు.

నేనే అంటించాను. గుట్ట కింద ఇప్పచెట్లకు చేసినట్టే చేశాను. పూలు రాలేముందు చెట్టు కింద ఎండుటాకు కాలిస్తే నేల నల్లగా, నున్నగా అవుతుంది, తెల్లారి పూలు తెల్లగా కనబడతాయి, ఏరుకోవడం సులువు. ఆ మంట పాకుతుందే గాని లేవదు. నువ్వు వేపకొమ్మతో అంచులు కొడుతూ వచ్చేవాడివి, నేను వెనక వచ్చేవాణ్ణి. ఇప్పచెట్టు బోద పై బెరడు కూడా కమలేది కాదు. నాకు తెలిసిన మంట అదొక్కటే. గాలి లేదు. డబ్బాలోంచి లైటర్ తీసుకున్నాను. నా చూపంతా నేల మీదే ఉంది. తల ఎత్తి చూడలేదు బావా. మన దగ్గర గౌడ్లు ఈతచెట్టుకు ఏటా మట్టలు చెక్కుతారు, బోద శుభ్రంగా ఉంటుంది. ఈ చెట్టుకు నాలుగేళ్ల మట్టలు నేల దాకా వేలాడుతున్నాయి. మంట ఒక్క మట్ట అంచు అందుకుంది. ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు.

ఇది చెప్పి ఊరుకుందామంటే అక్కడితో ఆగలేదు. ఇరవై అయిదున పోలీసులు వచ్చి రహీం చాచాను తీసుకుపోయారు. వైరు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మట్టలు కాల్చేది ఈయనే, చుట్టుపక్కల తోటల వాళ్లందరికీ తెలుసు అని మురళీ చెప్పాడట. వారం రోజుల్లో వైరు ఎలా మాయమైందో నాకు అర్థం కాలేదు.

చేతులకు కట్లతో జీపు ఎక్కుతూ నా వైపు చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. "పానీ బంద్ మత్ కర్నా" అన్నాడు. మంట ఆరాక కాలిన చెట్లకు నీళ్లు పెట్టడం మొదలుపెట్టాం, అవి ఆపొద్దని. అంతే.

నేను పోయి చెబుతాను. ఏం చేయమంటావు?

మల్లేశ్


రువైస్
8 జూన్ 2023

మల్లేశ్‌కు,

ఏం చేయమంటావని అడిగినందుకు చెబుతున్నాను. నోరు మూసుకో.

నువ్వు పోయి చెబితే ఏమవుతుంది? నీకు జైలు, తర్వాత జన్మలో ఇక్కడ అడుగు పెట్టకుండా ముద్ర. రేణుక ఎనిమిదో నెలలో ఈ వార్త వింటుంది. నిన్ను పెట్టించింది ఎవరని అడిగితే నా పేరు వస్తుంది. నిప్పుకు కాపలా కాసేవాడి బామ్మర్ది తోట తగలబెట్టాడని మా క్యాంపులో తెలిస్తే నన్ను ఇంకొక రోజు ఆ కుర్చీలో కూర్చోనివ్వరు. రెండు ఇళ్లు ఒక్కసారే కూలతాయి.

ఆయన సంగతి ఆలోచించు. అరవై దాటినవాడు. ఎలాగూ పంపాల్సిందే. నెలో రెండు నెలలో ఉంచి విమానం ఎక్కిస్తారు. పంపేది ఇంటికే కదా, ఉరికంబానికి కాదు కదా. ఇరవై రెండేళ్లు ఎండలో ఉన్నాడు, కొంచెం నీడన కూర్చుంటాడు.

నేను చెడ్డవాణ్ణని నువ్వు అనుకుంటున్నావు. అనుకో. నాకు కోపం లేదు. పోయి చెబితే మాత్రం నా గడప తొక్కకు. మీ అక్క అడ్డం వచ్చినా సరే.

పాత కాగితాలు చించావా?

పర్శరాములు


కొండల కింది తోట
20 సెప్టెంబర్ 2023

బావకు,

రేణుకకు కొడుకు పుట్టాడు. నీకు తెలిసే ఉంటుంది.

వీసా అయింది. మురళీ నాకు రహీం చాచా గది ఇచ్చాడు. గేటు తాళాలు, మోటారు గది తాళం, మట్టలు నరికే కత్తి కూడా ఇచ్చాడు. ఇప్పుడు తోటలో నిప్పుకు కాపలా నేనే. ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు, నేపాల్ వాళ్లు. వాళ్ల జేబులు నేనే వెతికాను.

చాచాను పన్నెండు వారాలు ఉంచి ఆగస్టు పద్దెనిమిదిన పంపించారు. మళ్లీ రాకుండా ముద్ర వేశారు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎవరి ఫోన్‌తోనో చేశాడు. నేను అదృష్టం కొద్దీ ట్యాంకు మీదే ఉన్నాను. కింది తోట చెట్లకు నీళ్లు పెడుతున్నావా అని అడిగాడు. ఖర్జూరం పైన కాలినా లోపల మొవ్వు బతికి ఉంటుందట. రెండు నెలలు విడవకుండా పెడితే చిగురిస్తుందట.

నువ్వు ఇంటికే కదా పంపేది అని రాశావు. ఆయన ఇల్లు నదిలో పోయిందని నేను మొదటి ఉత్తరంలోనే రాశాను. చదివావో లేదో.

మే నెల నుంచే పై బావి నుంచి గొట్టం వేసి నీళ్లు పెట్టాను. డెబ్బై మూడు చెట్లకు పచ్చ ఈనె వచ్చింది. కఫీల్ వచ్చి చూసి నా భుజం తట్టాడు. మంచి పనివాడు దొరికాడని మురళీతో అన్నాడు.

మల్లేశ్


రువైస్
5 అక్టోబర్ 2023

నాన్నవైన మల్లేశ్‌కు,

పిల్లవాడి ఫోటో మీ అక్క పంపింది. ముక్కు అచ్చం మీ నాన్నదే. నా లెక్కన మొత్తం క్యాంపుకు మిఠాయి పంచాను. పేరు మీ అక్కనే పెట్టనివ్వండి, ఆమెకు ఆ ముచ్చట ఉంది.

నీ ఉత్తరం కొంచెం పుల్లవిరుపుగా ఉంది. పిల్లవాణ్ణి చూడలేకపోయిన బాధ అనుకుంటున్నాను. ఆ ముసలాయనకు జరిగింది నాకు మాత్రం బాగుందా? కానీ అయిపోయింది. ఆయన బతికే ఉన్నాడు, నువ్వు ఉద్యోగంలో ఉన్నావు, చెట్లు కూడా చిగురించాయి. ఇంతకంటే ఏం కావాలి? ఖలాస్. ఆ పుస్తకం మూసెయ్యి.

డిసెంబర్‌లో లీవు తీసుకో. ఇద్దరం ఒకేసారి పోదాం. మురళీకి నేను చెబుతాను.

పర్శరాములు


కొండల కింది తోట
17 డిసెంబర్ 2023

బావకు,

నేను లీవుకు రావడం లేదు. ఎందుకు రావడం లేదో ఈ ఉత్తరంలో ఉంది. నెమ్మదిగా చదువు.

పోయిన నెల పోలీసు స్టేషన్‌కు పోయాను. నువ్వు వద్దన్న పనే. హిందీ తెలిసిన ఆఫీసర్ ఒకాయన కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. అంతా చెప్పాను. కంప్యూటర్‌లో చాలాసేపు చూశాడు. కేసు అయిపోయింది, ఆ మనిషి వెళ్లిపోయాడు, తోట యజమాని ఫిర్యాదు ఏమీ లేదు, నువ్వు పోయి పని చూసుకో అన్నాడు. నేను కదలకపోతే, కావాలంటే మీ కఫీల్‌ను తీసుకురా అన్నాడు. కోపంగా కాదు, మంచిగానే చెప్పాడు. టాక్సీ దాకా ఒకరిని తోడు కూడా పంపాడు.

తిరిగి వచ్చి మురళీకి చెప్పాను. కఫీల్ దగ్గరికి తీసుకుపొమ్మని అడిగాను. ఆయన తలుపు వేసి కుర్చీ చూపించాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నాకు తెలియదనుకున్నావా? మే ఇరవై ఒకటిన మీ బావ ఫోన్ చేశాడయ్యా. మా వోడి పేరు రానీకు, ఏమైనా చెయ్యి, నీ మేలు మర్చిపోను అన్నాడు. అప్పటిదాకా నేనూ వైరే అనుకున్నాను. రిపోర్ట్ కూడా అలాగే పోయేది. ఎవరి పేరూ వచ్చేది కాదు. మీ బావ ఫోన్ చేశాక, ఇదెవడో అంటించాడని తెలిశాక, నేనెలా ఊరుకుంటాను? రేపు ఎవరైనా తవ్వితే నా ఉద్యోగం పోతుంది. ఒక పేరు ఇవ్వాల్సొచ్చింది. నీ పేరు వద్దన్నాడాయె. ముసలాయన్ని ఎలాగూ పంపాల్సిందే."

చివరి ముక్క విన్నాక నీ ఉత్తరం తీసి చూశాను. నేను ఏ ఉత్తరమూ చించలేదు. ఎలాగూ పంపాల్సిందే అని నువ్వూ రాశావు.

మే ఇరవై ఒకటికి నేను నీకు ఏమీ ఒప్పుకోలేదు బావా. నువ్వు నన్ను అడగను కూడా లేదు. నన్ను ఫోన్‌లో మాట్లాడొద్దని రాసిన నువ్వు, అంతకు రెండు రోజుల ముందే ఫోన్‌లో నా తప్పు ఒప్పేసుకున్నావు. మరో నాలుగు రోజులు నువ్వు ఊరికే కూర్చుని ఉంటే ఆ ఆఫీసర్ వైరు అని రాసి పోయేవాడు. కూర్చోవడమే కదా నీ కొలువు.

నిప్పు నాది. అది నేను ఎవరి మీదా వేయను. కానీ చాచాను జీపు ఎక్కించింది ఆ నిప్పు కాదు.

చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు. అక్కకు రాశాను. మొదటి నుంచి చివరి దాకా, నువ్వు రాసిన ఉత్తరాల ఫోటోలు కూడా పెట్టాను. ఇది నీకు చేరేసరికి ఆమెకు చేరి ఉంటుంది.

మల్లేశ్


రువైస్
14 జనవరి 2024

మల్లేశ్‌కు,

ఊరికి పోలేదు. టికెట్ తీసుకుని రద్దు చేసుకున్నాను.

మీ అక్క ఫోన్ ఎత్తడం లేదు. నీ ఉత్తరం అందిన రోజు ఒక్కసారి తనే చేసింది. తిట్టలేదు, ఏడవలేదు. "ఆ ముసలాయనకు పిల్లలున్నరా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. పెట్టేసింది. అప్పటి నుంచి పెద్దమ్మాయి ఎత్తి, అమ్మ పనిలో ఉంది అంటోంది.

నేను నీ మేలు కోరే చేశాను. ఈ మాట రాస్తుంటే నాకే బాగోలేదు గానీ, నిజం అదే. నీ ఉత్తరం చదవగానే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మొదట ఎవరికి ఫోన్ చేద్దామా అనే ఆలోచించాను. అసలు ఎవరికీ చేయకుండా ఉండొచ్చని తట్టలేదు. పదమూడేళ్లుగా నాకిచ్చిన పనే అది, ఊరికే కూర్చుని చూడటం. అవసరమైన ఒక్కరోజు కూర్చోలేకపోయాను. నువ్వు ఆ మాట కావాలనే రాశావు. సరిగ్గా తగిలింది.

భయం నా కోసం కూడా పడ్డాను. అది కూడా మీ అక్కకు రాశాను. జవాబు లేదు.

ఒకటి అడుగుతున్నాను, కాదనకు. రహీం చాచా నంబరు పంపు. నీ దగ్గర ఉండే ఉంటుంది. నాకు బెంగాలీ రాదు, హిందీలో చెబుతాను. ఏం చెప్పాలో కూడా తెలియదు. పేరు చెప్పుకుని, ఇలా చేసింది నేనని చెబుతాను. తర్వాత ఆయన ఏమన్నా పడతాను. ఆయనతో మాట్లాడానని మీ అక్కకు చెబితే ఆమె కనీసం ఫోన్ ఎత్తుతుంది.

పర్శరాములు


కొండల కింది తోట
22 జనవరి 2024

పర్శరాములు బావగారికి,

వాసు పికప్ ఇటు రావడం ఈ వారంతో ఆగిపోతోంది. ఇదే చివరి ఉత్తరం అనుకోండి.

అక్క అడిగిన దానికి నేనే ఆమెకు జవాబు రాశాను. ఆయనకు ఒక కూతురు ఉంది, ఆమె ఫోన్‌తోనే నాకు అప్పుడప్పుడు చేస్తాడు. అల్లుడి ఇంటి వరండాలో ఉంటున్నాడు. కుడి చెయ్యి వేళ్లు ముడుచుకోవడం లేదు, అన్నం ఎడమ చేత్తో తింటున్నాడు.

ఎయిర్‌పోర్ట్ నుంచి చేసినప్పుడు నేను ఆయనకు చెప్పేశాను. అది మీకు రాయలేదు. చాచా, నిప్పు పెట్టింది నేను అన్నాను. "మాలూమ్ హై బేటా, కోయీ బాత్ నహీఁ" అన్నాడు. తెలుసు, ఫర్వాలేదు అని. ఆ వెంటనే నీళ్ల సంగతి అడిగాడు. పన్నెండు వారాలూ ఆయనకు తెలుసు. ఒక్కసారి నా పేరు చెబితే బయటికి వచ్చేవాడు.

మీరు చేసినా ఆయన అదే అంటాడు. ఆయనకు ఇంకో మాట రాదు. మీరు ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంటారు, అక్కకు చెబుతారు, ఆ రోజు అన్నం తింటారు. నేను తిన్నాను, ఆ రోజు కడుపునిండా తిన్నాను. తర్వాత నెల రోజులు ఆ తిండి గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేను అసహ్యించుకున్నాను.

నంబరు నా దగ్గర ఉంది. మీకు ఇవ్వను.

మల్లేశ్